నత్సుమే యూజిన్‌చో: పేర్లు తిరిగి ఇచ్చుకుంటూ పోయే ఈ కథలో అంత గొప్పదనం ఏముంది?

ఈదురుగాలి
నత్సుమే యూజిన్‌చో అనే మాంగా (జపాను బొమ్మల కథ) పది సంపుటాలు పూర్తి చేశాను. ఇక్కడ ఏ మాంగా గురించి చర్చ మొదలైనా ఎవరో ఒకరు దీని పేరు ఎత్తుతారు కాబట్టి ఎంతో ఆశతో మొదలుపెట్టాను. యోకైలను, అంటే మామూలు కళ్లకు కనిపించని వింత జీవులను చూడగలిగే నత్సుమే అనే కుర్రవాడు, వాటి పేర్లన్నీ ఉన్న పుస్తకం, ఆ పుస్తకం చేతిలో ఉన్నవాడికి వాటిని శాసించే అధికారం. ఇంత బలమైన సరుకు దగ్గర పెట్టుకుని రచయిత్రి మిదోరికావా యుకి దాన్ని ఎందుకు వాడుకోలేదో నాకు బోధపడలేదు. ఒక యోకై వస్తుంది, తన పేరు అడుగుతుంది, నత్సుమే ఇచ్చేస్తాడు, అది వెళ్లిపోతుంది. పదో సంపుటంలోనూ అతడికి మొదటి సంపుటంలో ఉన్న శక్తే ఉంది. కొత్త విద్య నేర్చుకోడు, పుస్తకాన్ని ఆయుధంగా వాడడు, కథ ఒక పెద్ద శత్రువు వైపు నడవదు. 2003లో మొదలై ఇప్పటికీ సాగుతూ 30 సంపుటాలు దాటిన కథకు ఇది సరిపోతుందా? మెచ్చుకునేవాళ్లు మనసుకు హాయిగా ఉంటుందని అంటారు కానీ ఎందుకు ఉంటుందో చెప్పరు. ఎవరైనా వివరంగా చెబితే పదకొండో సంపుటం తెరుస్తాను, లేకపోతే ఇక్కడితో ఆపేస్తాను.

మంజూడబ్బా
శక్తి పెరగలేదని అంటున్నారు. తరుగుతోందన్న సంగతి గమనించారా? పేరు తిరిగి ఇచ్చిన ప్రతిసారీ ఆ పుస్తకంలో ఒక కాగితం తగ్గిపోతుంది.

కృష్ణాతీరం
ఈదురుగాలి గారి ప్రశ్న న్యాయమైనదే. నేను కూడా నాలుగో సంపుటం దగ్గర ఇదే అనుమానంతో ఆగిపోయి, ఏడాది తరువాత మళ్లీ మొదటి నుంచి చదివాను. ఆ రెండోసారి మొదటి అధ్యాయమే నా కళ్లు తెరిపించింది.

హిషిగాకి అనే యోకై నత్సుమే వెంటపడుతుంది. ఒంటికన్ను, విరబోసుకున్న జుట్టు, మనిషికి ఎన్నో రెట్లు పెద్దదైన ఆకారం. మింగడానికే వస్తోందని అతడూ అనుకుంటాడు, మనమూ అనుకుంటాం. పరుగెత్తీ పరుగెత్తీ చివరికి అతడు నిలబడి పుస్తకం తెరుస్తాడు. పుటలు వాటంతట అవే తిరిగి, ఒక కాగితం నిటారుగా లేచి నిలుస్తుంది. దాన్ని చింపి పెదవుల మధ్య కరిచి పట్టుకుని, రెండు అరచేతులూ ఒక్కసారి చరిచి, గట్టిగా ఊపిరి వదులుతాడు. కాగితం మీది అక్షరాలు విడివడి గాలిలో సాగి వెళ్లి ఆ యోకైలో కలిసిపోతాయి. ఆ ఒక్క ఊపిరిలో అతడికి హిషిగాకి జ్ఞాపకం కనిపిస్తుంది. ఒంటరిగా పడి ఉన్న దాన్ని అతడి అమ్మమ్మ రేకో పలకరించింది, పేరు అడిగి తీసుకుంది, పిలిస్తే రమ్మంది, ఆ తరువాత ఎన్నడూ పిలవలేదు. ఆ పిలుపు కోసం అది ఏళ్ల తరబడి ఎదురుచూసింది. అంటే అంతసేపూ మనం ఆకలి అనుకున్నది అలిగిన మనసు.

శక్తి గురించి మీరు అడిగినదానికి నా సమాధానం ఇక్కడ ఉంది. ఎదుటివాడిని లొంగదీసుకోవడం ఈ కథలో బలం కాదు, ఎదుటివాడు ఎందుకు వచ్చాడో తెలుసుకునేంతవరకు పారిపోకుండా నిలబడగలగడం బలం. ఆ బలం మొదటి సంపుటం నుంచి పదో సంపుటానికి ఎంత పెరిగిందో చూడండి. మొదట్లో నత్సుమే తలుపులు మూసుకునే పిల్లవాడు. తరువాత తరువాత అతడే ఆగి, మీకేం కావాలని అడుగుతాడు.

ఈదురుగాలి
హిషిగాకి అధ్యాయాన్ని నేను తొలి పరిచయంగా మాత్రమే చదివి దాటేశాను, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ కృష్ణాతీరం గారూ, ఒకసారి తెలిసిన ఆ విషయాన్నే వందసార్లు చెప్పాలా? యోకై భయపెడుతుంది, చివరికి దానికి బాధ ఉందని తేలుతుంది. అయిదో అధ్యాయానికే ఇది నాకు ముందుగా తెలిసిపోతోంది.

చదువరి_77
ఈ విషయంలో నేను ఈదురుగాలి గారి వైపే ఉన్నాను, ఈ మాంగాను పద్నాలుగేళ్లుగా ప్రేమిస్తూనే ఉన్నాను. పునరుక్తి ఉంది, దాన్ని దాచడం అనవసరం. దానికి కారణం కూడా ఉంది. ఇది మొదట లాలా డీఎక్స్ అనే పత్రికలో వచ్చింది. అది రెండు నెలలకు ఒకసారి వెలువడేది. పాత సంచిక దొరకని పాఠకురాలు కూడా ఏ అధ్యాయంతోనైనా మొదలుపెట్టగలిగేలా, ఎక్కడికక్కడ ముగిసే కథలుగా రాశారు. చిన్నప్పటి నుంచీ తనకు వింత ఆకారాలు కనిపించేవని నత్సుమే చెప్పుకునే మాటలు అధ్యాయాల మొదట్లో మళ్లీ మళ్లీ రావడానికి కారణం అదే. పది సంపుటాలు వరుసగా ఒక వారంలో చదివితే అవి విసుగు పుట్టిస్తాయి. రెండు నెలలకు ఒకటి చదివేవారికి అవి ఇంటి గుమ్మంలా ఉండేవి. మీరు చదివిన వేగమే మీకు అడ్డుపడిందేమో. వారానికి రెండు అధ్యాయాలకు మించకుండా ఒకసారి ప్రయత్నించండి.

సిరాచుక్క
నేను బొమ్మలు వేసి బతికే మనిషిని కాబట్టి బొమ్మల గురించే చెబుతాను. మిదోరికావా గారి గీత సన్నగా, ఒక్కోచోట వణికినట్లు ఉంటుంది, మనుషుల ముఖాలు ఒకదానికొకటి పోలి ఉంటాయన్న విమర్శలో నిజం ఉంది. అయితే ఆమె తెలుపును వదిలే పద్ధతి చూడండి. పేజీలో సగం ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీలో మాటల బుడగ లేకుండా నత్సుమే మనసులోని వాక్యం ఒక్కటే తేలుతుంది. అమ్మాయిల కోసం వెలువడే షోజో పత్రికల్లో ఇది పాత సంప్రదాయమే. ఈ కథలో మాత్రం ఆ ఖాళీకి ఇంకో పని ఉంది. ఇతరులకు ఏమీ కనిపించని చోట నత్సుమేకు ఏదో కనిపిస్తుంది కదా, అందువల్ల పేజీలో తెల్లగా వదిలిన ప్రతి జాగానూ మనం అనుమానంగా, ఆశగా చూడటం మొదలుపెడతాం. తనుమా ఇంటి దృశ్యం గుర్తుందా? తనుమా గుడి పూజారి కొడుకు. అతడికి యోకైలు సరిగ్గా కనిపించవు, నీడలా మాత్రమే తెలుస్తాయి. పెరట్లో లేని కొలను తాలూకు నీటి నీడ, అందులో ఈదే చేపల నీడ అతడికి గది పైకప్పు మీద కదులుతూ కనిపిస్తాయి. నత్సుమేకు ఆ కొలను కూడా కనిపిస్తుంది. ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మిత్రులు ఒకే కొలనును రెండు కొలతల్లో చూడటాన్ని ఇంత తక్కువ గీతలతో చెప్పగలిగినవారిని నేను ఇంకొకరిని చూడలేదు.

నిఘంటువు
ఒక చిన్న మాట. బయట కొందరు యోకైలను ఆత్మలని, దయ్యాలని రాస్తున్నారు. దయ్యం అంటే మనకు చచ్చినవాళ్లు గుర్తుకు వస్తారు. ఈ కథలోని యోకైలలో ఎక్కువ భాగం చచ్చి తిరిగి వచ్చినవి కావు, అవి పుట్టుకతోనే అవి. కొన్ని కొండకు, కొన్ని చెట్టుకు, కొన్ని రాయికి చెందినవి. యోకై అన్న మాటనే ఉంచుకుందాం. యూజిన్‌చో అన్న మాటను మాత్రం తెలుగు చేయవచ్చు: యూజిన్ అంటే మిత్రుడు, చో అంటే చిట్టా. మిత్రుల చిట్టా. మిత్రులే లేని రేకో, తాను ఓడించినవాళ్ల పేర్లు రాయించుకున్న పుస్తకానికి ఆ పేరు పెట్టుకుందన్న సంగతి దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

వేపచెట్టు
నిఘంటువు గారు చెప్పినది నిజం. పైకి అది బానిసల జాబితా, రేకో దృష్టిలో మాత్రం మిత్రుల జాబితా. ఆ రెండూ ఒకటే పుస్తకం కావడమే ఈ కథకు మూలమని నా అభిప్రాయం.

శ్రావణమేఘం
ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు రాయాలనిపించింది. అమ్మానాన్నలు పోయాక తొమ్మిదో ఏట నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా నాలుగు బంధువుల ఇళ్లలో పెరిగాను. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కానీ కూర రెండోసారి వేసుకోవాలంటే ముందుగా గిన్నెలో ఎంత మిగిలిందో చూసుకునేదాన్ని. నీళ్ల గ్లాసు పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా పెట్టడం నాకు ఇప్పటికీ అలవాటు. ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానని చెప్పడానికి నాకు క్షణం కూడా పట్టేది కాదు.

నత్సుమే కూడా ఆ మాట అంతే వేగంగా అంటాడు. ఫుజివారా దంపతులు, టోకో గారు, షిగేరు గారు, అతడిని సొంత బిడ్డలా చూసుకుంటారు. అయినా ఒంటి మీద గాయం ఉంటే దాచి, చొక్కా చేతులు సరిచేసుకుని లోపలికి వస్తాడు. అతడు తనకున్న చూపును వాళ్ల దగ్గర దాచడాన్ని చాలామంది కథను సాగదీయడంగా చూస్తారు. నాకు అలా అనిపించదు. పాత ఇళ్లన్నిటిలో అతడు నిజం చెప్పినప్పుడల్లా అబద్ధాలకోరు అనిపించుకుని, ఇంకో ఇంటికి పంపబడ్డాడు. మొదటిసారి ఉండిపోవాలనిపించిన ఇల్లు దొరికినప్పుడు, ఆ ఇంటిని పోగొట్టగల ఒకే ఒక్క మాటను ఎలా చెబుతాడు? ఈదురుగాలి గారూ, పెద్ద శత్రువు లేడని అన్నారు. నాలాంటివాళ్లకు ఆ భయమే పెద్ద శత్రువు, అది ప్రతి అధ్యాయంలోనూ ఉంది.

ఈదురుగాలి
శ్రావణమేఘం గారూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. ఆ దాపరికాన్ని నేను కథకురాలి ఎత్తుగడ అనుకున్నాను. ఆ కోణం నాకు తట్టలేదు.

చదువరి_77
శ్రావణమేఘం గారి అనుభవానికి నమస్కరిస్తూనే ఒక మాట అంటాను. భయం అర్థమవుతుంది, కానీ ఇన్నేళ్ల ప్రేమ తరువాత కూడా టోకో గారికి నిజం తెలుసుకునే హక్కు లేదా? ఆమె వైపు నుంచి చూస్తే, బిడ్డ ఎందుకు నీరసించి పడుకున్నాడో తెలియకుండా జావ కాచి ఇవ్వడం ఎంత కష్టం! మిదోరికావా గారు ఈ తలుపును ఏదో ఒక రోజు తెరవక తప్పదని నా అభిప్రాయం.

శ్రావణమేఘం
తెరవాలనే నేనూ కోరుకుంటాను. అతడు తెరవాలి, బలవంతంగా తెరుచుకోకూడదు.

మంజూడబ్బా
న్యాంకో సెన్సే గురించి ఒక్కరైనా మాట్లాడరేం? అదృష్టాన్ని పిలిచే పిల్లి బొమ్మలో బందీ అయిన మదారా అనే మహా యోకై, నత్సుమే చనిపోయాక పుస్తకం తనదవుతుందన్న ఒప్పందం మీద కాపలాకు కుదిరాడు. నత్సుమే పేర్లు ఇచ్చే కొద్దీ ఆ ఆస్తి కరిగిపోతూనే ఉంది. అయినా నానాత్సుజియా దుకాణం మంజూలు (తీపి పూర్ణం పెట్టిన ఉండలు) తిని, సాకే అనే మద్యం తాగి, మర్నాడు మళ్లీ కాపలాకు కూర్చుంటాడు. ఇంత నష్టం వచ్చే ఉద్యోగంలో ఇరవై ఏళ్లకు పైగా కొనసాగిన ఉద్యోగి ఇంకొకడు ఉండడు. లావెక్కాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

వేపచెట్టు
లావెక్కాడు. మంజూలే సాక్ష్యం.

ముంపూరు
నీట మునిగిన ఊరి పక్షి యోకై కథను ఎవరూ ప్రస్తావించలేదు. అది వానకోయిల, జపానులో త్సుబామే అంటారు. ఆనకట్ట కట్టడం వల్ల మునిగిపోయిన ఒక ఊరు, కరువు వచ్చి నీళ్లు ఇంకినప్పుడు మళ్లీ బయటపడుతుంది. ఆ ఊరి నుంచి వచ్చిన చిన్న యోకై, ఒకప్పుడు తనపై దయ చూపిన మనిషిని ఒక్కసారి కలవాలని కోరుకుంటుంది. ఆ మనిషికి మాత్రం యోకైలు కనిపించవు. తొడుక్కుంటే ఒక్క రాత్రి మనిషిలా కనిపించే బట్ట ఒకటి ఉందని తెలిసి, నత్సుమే యోకైల పండగలో పోటీపడి దాన్ని గెలిచి తెచ్చిస్తాడు. వాళ్లిద్దరూ కలుసుకున్న రాత్రిని రచయిత్రి విస్తరించి చూపరు, తరువాత ఒక ఫోటోలో ఆ యోకై నవ్వుతూ కనిపిస్తుంది.

మా అమ్మమ్మది శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊరు. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుందని అందరికీ తెలుసు, కానీ గుడి లేని ఊళ్లు బయటపడితే చూడటానికి ఎవరు వెళతారు? అమ్మమ్మ ఒక ఏడాది నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. పగుళ్లిచ్చిన ఒండ్రు మీద నడుస్తూ, ఒక రాతి గడప దగ్గర ఆగి, ఇది సుబ్బమ్మత్త వాళ్లది, అది మనది అని చెబుతూ పోయింది. అక్కడ రాళ్లు తప్ప నాకేమీ కనిపించలేదు. ఆమెకు అన్నీ కనిపించాయి. ఆ కథ చదివేటప్పుడు నేను నత్సుమే పక్షాన కాకుండా ఏమీ కనిపించని ఆ మనిషి పక్షాన నిలబడి చదివాను.

కృష్ణాతీరం
ముంపూరు గారూ, మీరు చెప్పాక నాకు ఆ కథ ఇంకోలా కనిపిస్తోంది. దానికి జతగా త్సుయుకామి కథను కూడా తీసుకోవాలి. ఒక చిన్న గూడులాంటి గుడిలో నివసించే యోకై అది. నిజానికి దేవుడు కాదు, దారినపోతూ ఆ గుడిలో తలదాచుకుంది. ఎవరో వర్షం కోసం మొక్కిన మర్నాడే వాన కురవడంతో జనం దాన్ని దేవుడని కొలిచారు. కొలిచేవాళ్లు ఉన్నంతకాలం పెరిగింది, వాళ్లు తగ్గే కొద్దీ కుంచించుకుపోయి అరచేతిలో పట్టేంత అయింది. చివరికి మిగిలింది హానా అనే ఒక్క ముసలావిడ. ఆమె పోయిన రోజున అది కూడా వెళ్లిపోవాలి. నేను కొలుస్తాను ఉండిపొమ్మని నత్సుమే అడిగితే, నువ్వు భక్తుడివి కావు, మిత్రుడివి అంటుంది. తాను ఎవరో తేల్చుకోవడానికి దానికి దొరికిన ఆఖరి అవకాశం అది. దేవుడిగా మిగిలి బతకడం కంటే మిత్రుడిగా వెళ్లిపోవడాన్ని ఎంచుకుంది.

ఈదురుగాలి
త్సుయుకామి కథ మాత్రం నాకు మొదటి నుంచీ నచ్చింది. దాన్ని నేను కొట్టిపారేయలేదు.

గోరింటాకు
పేర్ల గురించి ఇంత మాట్లాడుకుంటూ తాకి అనే అమ్మాయిని మరిచిపోయాం. ఆ అమ్మాయి తాతగారి కాగితాల్లో దొరికిన ఒక వలయాన్ని నేల మీద గీస్తుంది, అందులోకి అడుగుపెట్టిన యోకై మామూలు మనుషులకు కూడా కనిపిస్తుంది. అలా చూసినందుకు ఒక దుష్ట యోకై ఆమెకు శాపం పెడుతుంది. గడువులోపల తనను పట్టుకోలేకపోతే ఆమెనూ, ఆమె నోట చివరిగా వచ్చిన పేర్లున్న వాళ్లనూ తినేస్తానంటుంది. దాంతో ఆ పిల్ల మాట్లాడటమే మానేస్తుంది. ఒక రోజు నత్సుమేను చూసి అప్రయత్నంగా పేరు పెట్టి పిలిచేసి, ఎంత తప్పు చేశానోనని వణికిపోతుంది. పేరు పెట్టి పిలవడమే ప్రేమగా, ప్రమాదంగా ఒకేసారి మారిన ఆ పేజీ కోసం నేను ఆ సంపుటాన్ని ఇప్పటికీ తీసి చూస్తుంటాను. రేకో పేర్లు తీసుకుని పిలవలేదు, ఈ తాకి మాత్రం పిలవాలని ఉన్నా పిలవలేకపోయింది.

వేపచెట్టు
మంత్రగాళ్ల సంగతి చెప్పకపోతే కథ మరీ మెత్తనిదని ఈదురుగాలి గారు అనుకుంటారు. నతోరి పగలు సినిమా నటుడు, మిగిలిన వేళల్లో యోకైలను తరిమే మనిషి. బల్లి ఆకారపు మచ్చ ఒకటి అతడి ఒళ్లంతా తిరుగుతుంటుంది, ఎడమ కాలి మీదకు మాత్రం ఎన్నడూ వెళ్లదు. మతోబా వంశపెద్ద కుడి కంటికి మంత్రాక్షరాలున్న కట్టు కట్టుకుంటాడు, ఎందుకంటే పూర్వం ఆ వంశంవాళ్లు ఒక యోకైకి కన్ను ఇస్తామని మాటిచ్చి తప్పారు. అదే చూపు వీళ్లకూ ఉంది, దాన్ని వృత్తిగా, అధికారంగా మలుచుకున్నారు. నత్సుమే ఏమై ఉండేవాడో వాళ్లలో కనిపిస్తుంది. మతోబాను దుర్మార్గుడని నేను అనలేను. మనుషులను కాపాడుతున్నానని అతడు నిజంగానే నమ్ముతాడు.

గోరింటాకు
నమ్మితే సరిపోదు వేపచెట్టు గారూ. తన కొలువులో ఉన్న యోకైలను పనిముట్లలా ఖర్చు చేసేవాడిని నేను అంత తేలికగా క్షమించలేను.

సిరాచుక్క
రేకో కథ ఎప్పటికైనా పూర్తిగా చెబుతారంటారా? ఆమె జీవితం గురించి ఇన్నేళ్లుగా ముక్కలు ముక్కలుగానే తెలుస్తోంది.

కృష్ణాతీరం
ముక్కలుగా తెలియడమే సరైనదని నాకు అనిపిస్తుంది. హినోయే అనే యోకై తలుచుకునే రేకో వేరు, హిషిగాకి తలుచుకునే రేకో వేరు. చాలా యోకైలు నత్సుమేను చూడగానే రేకో అని పిలుస్తాయి, ఆ పోలిక అలాంటిది. తన పేరును కాదని ఇంకొకరి పేరుతో పిలిపించుకుంటూ మొదలైన కుర్రవాడు, పేరు తిరిగి ఇచ్చిన ప్రతిసారీ అమ్మమ్మ జ్ఞాపకం ఒకటి అందుకుంటాడు. పుస్తకం పలుచబడే కొద్దీ రేకో నిండుతుంది. అతడు రేకో కాదని యోకైలకు అర్థమయ్యేదీ ఆ సమయంలోనే.

కుమానది
ఉద్యోగరీత్యా జపానులోని ఫుకుఓకాలో ఉంటున్నాను. రచయిత్రిది కుమామోతో ప్రాంతం, కథలోని ఊరికి అక్కడి హితోయోషి నమూనా అని తెలిసి పోయిన వేసవిలో వెళ్లి వచ్చాను. 2020 జులైలో కుమా నది పొంగినప్పుడు ఆ పట్టణం చాలా నష్టపోయింది, అటు వెళ్లే రైలు మార్గం అప్పటి నుంచి మూతపడటంతో బస్సులో వెళ్లాను. అవోయి ఆసో గుడి ముందు తామర కొలను దగ్గర కాసేపు కూర్చున్నాను. రెల్లు కప్పుతో ఉన్న ఆ గుడిని 2008లో జాతీయ సంపదగా ప్రకటించారు. ఈ మాంగా ఆధారంగా తీసిన అనిమే (టీవీ బొమ్మల చిత్రం) మొదటి సీజన్ వచ్చింది కూడా అదే ఏడాది. నేను చెప్పదలచుకున్నది అది కాదు. ఊరి చుట్టూ కొండలు చాలా దగ్గరగా ఉంటాయి. ఏ వీధి చివర చూసినా అడవి మొదలవుతుంది. మలుపు తిరిగితే ఏదో ఒకటి ఎదురవుతుందన్న భావన ఆ కథలో కల్పించి పెట్టినది కాదని, ఆ ఊరి నేలలోనే ఉందని అక్కడ నడుస్తున్నప్పుడు తెలిసింది.

ఈదురుగాలి
మూడు రోజుల తరువాత వస్తున్నాను. చదువరి_77 గారు చెప్పినట్లు వేగం తగ్గించి, మొదటి సంపుటం మళ్లీ తీశాను, రోజుకు ఒకే అధ్యాయం. పునరుక్తి గురించి నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. అయితే హిషిగాకి అధ్యాయంలో నేను మొదటిసారి చూడనిది ఒకటి కనిపించింది. పేరు తిరిగి ఇచ్చాక నత్సుమే నిలబడలేక కూలబడతాడు. ఇచ్చేది పేరు ఒక్కటే కాదు, అతడి ఊపిరి కూడా ఖర్చవుతోంది. అది తెలిసీ మర్నాడు ఇంకొకరికి తలుపు తీస్తాడు. పదకొండో సంపుటం ఇంట్లో ఉంది, వచ్చే వారం మొదలుపెడతాను. పన్నెండు మాత్రం ఎక్కడా దొరకడం లేదు. విజయవాడలో ఎవరి దగ్గరైనా ఇంగ్లీషు ప్రతి ఉంటే చదివి జాగ్రత్తగా తిరిగి ఇస్తాను.

మంజూడబ్బా
నా దగ్గర పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా ఉన్నాయి, నేను ఉండేది గవర్నరుపేటలోనే. ఆదివారం ఉదయం రండి. పద్నాలుగో దానికి అట్ట కొంచెం చినిగింది, అది ముందే చెబుతున్నాను.